ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లు: యూనివర్సిటీ ఎలా లెక్కగడుతుంది, ఏ దశలో మీరేం చేయాలి

అమెరికాలో కాలేజీ మారిన విద్యార్థికి "మీ 60 క్రెడిట్లూ అంగీకరించాం" అని మెయిల్ వస్తే సగం డిగ్రీ అయిపోయిందని సంబరపడతారు. బ్యాచిలర్స్ డిగ్రీకి మామూలుగా 120 సెమిస్టర్ క్రెడిట్లు కాబట్టి అలా అనుకోవడం సహజమే. తీరా అడ్వైజర్ దగ్గర కూర్చుంటే ఇంకా మూడేళ్లు పడుతుందని తేలుతుంది. మెయిల్‌లో అబద్ధమేమీ లేదు. క్రెడిట్లను అంగీకరించడం వేరు, అవి మీ డిగ్రీ అవసరాల్లో ఒక గడిని నింపడం వేరు. యూనివర్సిటీ మొదటిది సులువుగానే చేస్తుంది. రెండోది ఎంతవరకూ జరుగుతుందన్నది మాత్రం మీరు ముందే చేసుకున్న తయారీ మీద చాలావరకు ఆధారపడుతుంది.

ఇది చిన్న సమస్యేమీ కాదు. 2004-2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017 నివేదికలో అంచనా వేసింది.

ఫైలు ఎవరి చేతుల మీదుగా వెళ్తుంది

నిర్ణయం ఒక్కరిదనుకుంటే ఎవరిని అడగాలో తెలియక తిరుగుతూనే ఉంటారు. సాధారణంగా మూడు బల్లలుంటాయి. అడ్మిషన్స్ లేదా రిజిస్ట్రార్ ఆఫీసులోని ఎవాల్యుయేటర్ మీ పాత కాలేజీకి గుర్తింపు ఉందా, గ్రేడ్ సరిపోతుందా, క్రెడిట్లెన్ని అన్నవి చూసి, ఇదివరకే తేల్చిన కోర్సులకు పట్టికలో ఉన్న సమానతను (పాత కోర్సు ఇక్కడి ఏ కోర్సుకు సమానమో) వేసేస్తారు. పట్టికలో లేని కోర్సు సంబంధిత విభాగానికి వెళ్తుంది. అక్కడ ఒక ప్రొఫెసరో, విభాగం తరఫున ఈ పని చూసే కోఆర్డినేటరో సిలబస్ చదివి తేలుస్తారు. ఆ కోర్సు మీ డిగ్రీలో ఎక్కడ కూర్చుంటుందో చూసేది అడ్వైజర్. గ్రేడ్ తప్పుగా నమోదైందని ప్రొఫెసర్‌కి రాసినా, కాలిక్యులస్ సమానత గురించి రిజిస్ట్రార్‌తో వాదించినా వారాలు వృథా అవుతాయి తప్ప పని జరగదు.

వాళ్లు వేసే ప్రశ్నలు

మొదటిది కాలేజీ గుర్తింపు. అమెరికాలో ఒకప్పుడు ప్రాంతీయ గుర్తింపు, జాతీయ గుర్తింపు అని రెండు రకాలుండేవి. 2020 జులై నుంచి కేంద్ర విద్యాశాఖ నిబంధనల్లో ఆ తేడా లేదు. అయినా చాలా యూనివర్సిటీలు తమ విధానంలో పాత ప్రాంతీయ సంస్థల పేర్లనే రాసుకుని, వాటి గుర్తింపున్న కాలేజీల క్రెడిట్లనే నేరుగా తీసుకుంటాయి. హయ్యర్ లెర్నింగ్ కమిషన్, మిడిల్ స్టేట్స్ కమిషన్, దక్షిణాది రాష్ట్రాల కాలేజీ కమిషన్ లాంటివి ఆ కోవలోవి. వృత్తి శిక్షణ కాలేజీలకు ఎక్కువగా వేరే సంస్థల గుర్తింపు ఉంటుంది, చిక్కంతా అక్కడే. మీరు కోర్సు చదివిన తేదీన కాలేజీకి గుర్తింపు ఉందా అని చూస్తారు, ఇవాళ ఉందా అని కాదు.

రెండోది గ్రేడ్. చాలాచోట్ల సి, అంటే 2.0, ఆపైన ఉంటేనే తీసుకుంటారు. సి మైనస్‌ దగ్గరే ఎక్కువ కోర్సులు ఆగిపోతాయి. నర్సింగ్, ఇంజినీరింగ్ లాంటి విభాగాలు కొన్ని కోర్సులకు బి అడగడమూ ఉంది. వచ్చేది క్రెడిట్ మాత్రమే, గ్రేడ్ కాదు. కొత్త చోట జీపీఏ (గ్రేడ్ల సగటు) సాధారణంగా సున్నా నుంచి మొదలవుతుంది. పాత కాలేజీలో అన్నీ ఏ గ్రేడ్లే తెచ్చుకున్నవారికి ఇది నష్టం, సి గ్రేడ్లతో వచ్చినవారికి లాభం. పాస్/ఫెయిల్ పద్ధతిలో చదివిన కోర్సైతే అక్కడ పాస్ అంటే సి లేదా ఆపైన అని పాత కాలేజీ ట్రాన్స్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రం) వెనక పేజీలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రిజిస్ట్రార్ నుంచి ఒక లేఖ తెచ్చుకోవాలి.

మూడోది విషయం, స్థాయి. ఎక్కువ గొడవ ఇక్కడే కాబట్టి దీని గురించి వివరంగా చూద్దాం.

సమానత ఎలా తేలుస్తారు

ఫలితం నాలుగు రకాలుగా రావచ్చు. ఒకటి, నేరుగా ఫలానా కోర్సుకు సమానం. రెండు, ఆ విభాగంలో ఎలక్టివ్ (తప్పనిసరి కాని, విద్యార్థి ఎంచుకునే కోర్సు): కోర్సు నంబరు ఉండాల్సిన చోట ఎక్స్ అక్షరాలో, టీఆర్ లాంటి గుర్తులో కనిపిస్తాయి. మూడు, ఏ విభాగానికీ చెందని సాధారణ ఎలక్టివ్. నాలుగు, సున్నా. మొదటి మూడూ "అంగీకరించిన" క్రెడిట్లే. మొత్తం అంకె నమ్మదగింది కాదనడం ఇందుకే.

నేరుగా సమానం కావాలంటే పేరు కలిస్తే చాలదు. వారంవారీ పాఠ్యాంశాల్లో కనీసం ముప్పావు వంతు కలవాలని చాలా విభాగాలు చూస్తాయి. ల్యాబ్ ఉన్న కోర్సుకు ల్యాబ్ లేని కోర్సు సమానం కాదు. కాలిక్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్‌కి ఆల్జీబ్రా ఆధారంగా చెప్పే ఫిజిక్స్ సరిపోదు. రెండింటి పేరూ "జనరల్ ఫిజిక్స్ 1" అనే ఉండొచ్చు. స్టాటిస్టిక్స్‌లోనూ ఇదే తంతు: ఇంజినీరింగ్ విభాగం అడిగేది ఒకటి, కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీలో) అందరికీ చెప్పేది ఇంకొకటి.

స్థాయి విషయానికొస్తే, కమ్యూనిటీ కాలేజీ కోర్సుల నంబర్లు చాలాచోట్ల 100, 200ల్లో ఉంటాయి. యూనివర్సిటీలో 300, 400లు పై స్థాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ చాలాచోట్ల కమ్యూనిటీ కాలేజీలో 200 స్థాయిలో, యూనివర్సిటీలో 300 స్థాయిలో ఉంటుంది. పాఠం ఒకటే కాబట్టి సబ్జెక్టు తీరిందని ఒప్పుకుంటారు, క్రెడిట్లను మాత్రం కింది స్థాయిలోనే రాస్తారు. పై స్థాయిలో 40 క్రెడిట్లు కావాలని డిగ్రీ అడిగితే ఆ లోటు మీరే పూడ్చుకోవాలి. బిజినెస్ స్కూళ్లు పై స్థాయి కోర్సుల్ని బయటి నుంచి తీసుకోవడానికి మరీ బిగువుగా ఉంటాయి. కొన్ని పరీక్ష పెట్టి గానీ ఒప్పుకోవు.

పాఠశాల స్థాయి ఆల్జీబ్రా, ఇంగ్లిష్ రాత మెరుగుపరిచే కోర్సుల్లాంటి సన్నాహక కోర్సులకు ట్రాన్స్‌స్క్రిప్ట్‌లో క్రెడిట్ కనిపించినా డిగ్రీకి లెక్క రాదు. వృత్తి కోర్సులతో వచ్చే అప్లైడ్ సైన్స్ అసోసియేట్ డిగ్రీ (అసోసియేట్ అంటే రెండేళ్ల డిగ్రీ) కూడా చదువు కొనసాగించడం కోసం కాక ఉద్యోగం కోసం రూపొందించినది. అందులో చాలా కోర్సులు ఎలక్టివ్‌గా మిగిలిపోతాయి. "అసోసియేట్ డిగ్రీ ఉంది" అన్న మాటకి అది ఏ రకం అసోసియేట్ అన్నది తేలేదాకా విలువ లేదు.

క్వార్టర్ నుంచి సెమిస్టర్‌కి: ఒక లెక్క దగ్గరగా

సుమారు 15 వారాలు వారానికి ఒక గంట క్లాసు, దాంతోపాటు క్లాసు బయట కనీసం రెండు గంటల పని ఉంటే అది ఒక సెమిస్టర్ క్రెడిట్ అన్నది అమెరికా కేంద్ర నిబంధన. ఏడాదిని సెమిస్టర్లకు బదులు క్వార్టర్లుగా విడగొట్టే కాలేజీల్లో క్వార్టర్‌కి 10 నుంచి 12 వారాలే. అందుకే క్వార్టర్ క్రెడిట్లను మూడో వంతు తగ్గించాలి: 180 క్వార్టర్ క్రెడిట్లు 120 సెమిస్టర్ క్రెడిట్లకు సమానం.

ఇప్పుడు క్వార్టర్ కాలేజీ నుంచి సెమిస్టర్ యూనివర్సిటీ ఇంజినీరింగ్‌లోకి మారే ఒక విద్యార్థిని ఊహించుకుందాం. చదివినవి ఆరు కోర్సులు, ఒక్కొక్కటి 5 క్వార్టర్ క్రెడిట్లు: కాలిక్యులస్ 1, కాలిక్యులస్ 2, ఇంగ్లిష్ కాంపోజిషన్, ల్యాబ్‌తో జనరల్ కెమిస్ట్రీ 1, బిజినెస్ పరిచయం, ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. మొత్తం 30. ఆల్జీబ్రా సన్నాహక కోర్సు, కాబట్టి తీసేశారు. మిగిలిన 25ని మూడో వంతు తగ్గిస్తే 16.67 సెమిస్టర్ క్రెడిట్లు. మెయిల్‌లో వచ్చేది ఈ అంకె.

డిగ్రీలో తీరిన అవసరాలు రెండే: కాలిక్యులస్ 1, కాంపోజిషన్. ఎందుకంటే క్వార్టర్ కాలిక్యులస్‌ మూడు భాగాలు కలిస్తే సెమిస్టర్‌లోని రెండు భాగాలు. ఈ విద్యార్థి మూడో క్వార్టర్ చదవలేదు. అనంత శ్రేణులు ఆ క్వార్టర్‌లోనే వస్తాయి. అందువల్ల సెమిస్టర్ కాలిక్యులస్ 2లో మూడో వంతే అయినట్టు, కోర్సులో కొంత భాగానికి సమానత ఉండదు. మిగిలిన క్రెడిట్లు గణితం ఎలక్టివ్‌గా పడ్డాయి, ఇంజినీరింగ్ డిగ్రీలో అలాంటి ఎలక్టివ్‌కి చోటే లేదు. కెమిస్ట్రీదీ అదే గతి. బిజినెస్ పరిచయం ఎటూ కాకుండా పోయింది.

ఈ విద్యార్థి మారేముందు ఇంకొక్క క్వార్టర్ ఉండి కాలిక్యులస్ 3, కెమిస్ట్రీ 2, 3 పూర్తి చేసుకుంటే రెండు సబ్జెక్టుల్లోనూ రెండేసి సెమిస్టర్ కోర్సులు పూర్తిగా తీరేవి, కెమిస్ట్రీ 2, 3 కలిపి ఒకే క్వార్టర్‌లో చదవనిస్తేనే అనుకోండి. లేకుంటే రెండు క్వార్టర్లు. వరుస కోర్సుల్ని మధ్యలో వదిలి మారకూడదనే నియమం ఒక్కటి పాటించినా చాలా నష్టం తప్పుతుంది.

భిన్నాలూ కొరుకుతాయి. 4 క్వార్టర్ క్రెడిట్ల కోర్సు 2.67 సెమిస్టర్ క్రెడిట్లు అవుతుంది. 3 క్రెడిట్ల కోర్సుకి సమానమని ఒప్పుకుంటారు గానీ మొత్తం లెక్కలో 2.67 అనే రాస్తారు. ఇలాంటివి పది ఉంటే చివర్లో 3.33 క్రెడిట్లు తక్కువపడి, డిగ్రీ చేతికొచ్చే ముందు ఒకట్రెండు అదనపు కోర్సులు చదవాల్సి వస్తుంది.

పై పరిమితులు

క్రెడిట్లు అన్నీ బాగున్నా ఒక హద్దు దాటి తీసుకోరు. దక్షిణాది కాలేజీ కమిషన్ గుర్తింపు పొందిన సంస్థలు డిగ్రీలో కనీసం 25 శాతం క్రెడిట్లు తమ దగ్గర చదివించాలి. 120లో అది 30. ఆఖరి 30 క్రెడిట్లు ఇక్కడే చదవాలన్న షరతూ చాలాచోట్ల ఉంది. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చేవాటికి వేరే హద్దు ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కింది స్థాయి క్రెడిట్లను 70 సెమిస్టర్ క్రెడిట్లు లేదా 105 క్వార్టర్ క్రెడిట్ల దాకానే లెక్కిస్తుంది. ఆ పైన ఉన్నవాటికి సబ్జెక్టు తీరినట్టు గుర్తిస్తుంది, క్రెడిట్ ఇవ్వదు. పాత కోర్సులకు కాలపరిమితి పెట్టే విభాగాలున్నాయి. కంప్యూటర్, నర్సింగ్, సైన్స్ కోర్సులు 5 నుంచి 10 ఏళ్లు దాటితే ఇంకా చెల్లుతాయా అని అడగడం మొదలవుతుంది.

మొదటి అడుగు: మారకముందే పట్టిక తెరవండి

దరఖాస్తు పెట్టాక చూద్దామనుకోవద్దు, కోర్సు ఎంచుకునేటప్పుడే చూడాలి. కాలిఫోర్నియాలో అసిస్ట్ వెబ్‌సైట్ ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ ప్రభుత్వ యూనివర్సిటీలో, ఏ మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) దేనికి సమానమో చూపిస్తుంది. మీరు కోర్సు చదివిన విద్యాసంవత్సరం పట్టికే తెరవండి, ఏటా మారుతుంది. టెక్సస్‌లో చాలా కాలేజీలకు ఉమ్మడి కోర్సు నంబర్లు ఉన్నాయి. మ్యాథ్ 2413 అన్నది కాలిక్యులస్ 1: మొదటి అంకె 2 అంటే రెండో ఏడాది స్థాయి, రెండో అంకె 4 అంటే నాలుగు క్రెడిట్లు, మిగిలింది వరుస సంఖ్య. ఫ్లోరిడాలోనూ రాష్ట్రమంతటికీ ఒకే నంబరింగ్. ఇలాంటి ఉమ్మడి పద్ధతి లేనిచోట చాలా యూనివర్సిటీల రిజిస్ట్రార్ పేజీల్లో ట్రాన్స్‌ఫర్ సమానతలు వెతికే సదుపాయం ఉంటుంది.

ఒకే రాష్ట్రంలో రెండు సంస్థల మధ్య లిఖిత ఒప్పందం ఉంటే దానికి మించిన రక్షణ లేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ట్రాన్స్‌ఫర్ కోసమే పెట్టిన అసోసియేట్ డిగ్రీ పూర్తి చేసి, అదే రంగంలో క్యాల్ స్టేట్‌లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో) చేరితే, మిగిలిన చదువును మరో 60 సెమిస్టర్ క్రెడిట్లలో పూర్తి చేయించే ఏర్పాటు ఉంది. మేజర్ మార్చుకుంటే ఆ హామీ పోతుంది. ఒప్పందం కాగితం మీకున్న మేజర్‌కు వర్తిస్తుందా, ఏ సంవత్సరానిది అన్నవి చదివి, ఒక కాపీ దాచుకోండి.

రెండో అడుగు: సిలబస్‌లు పోగుచేయడం

ఈ పని కోర్సు నడుస్తున్నప్పుడే చేయాలి. సెమిస్టర్ ముగిస్తే కోర్సు పోర్టల్ మూసేస్తారు, తర్వాత అడిగితే ప్రొఫెసర్ వెళ్లిపోయి ఉంటారు. కాలేజీ క్యాటలాగ్‌లోని నాలుగు వాక్యాల వివరణతో విభాగం సంతృప్తిపడదు. మీరు చదివిన సెమిస్టర్‌దే సిలబస్ ఉండాలి. అందులో వారంవారీ అంశాలు, పాఠ్యపుస్తకం పేరు, ఎన్నో ముద్రణ, వారానికి క్లాసు ఎన్ని గంటలు, ల్యాబ్ ఎన్ని గంటలు, పరీక్షలు, అసైన్‌మెంట్లు, మార్కుల విభజన ఉండాలి. వారంవారీ పట్టిక వేరే ఫైల్లో ఉంటే దాన్నీ కలపండి. ప్రాజెక్టు రిపోర్టులు, రాసిన వ్యాసాలు, ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు కొన్ని దాచుకుంటే అప్పీల్‌లో అక్కరకొస్తాయి.

మూడో అడుగు: ట్రాన్స్‌స్క్రిప్ట్‌లు, పరీక్ష స్కోర్లు

చదివిన ప్రతి కాలేజీ నుంచి అధికారిక ట్రాన్స్‌స్క్రిప్ట్ నేరుగా కొత్త యూనివర్సిటీకి వెళ్లాలి. వేసవిలో ఒకే కోర్సు చేసిన చోటైనా, పాసు కానిదైనా వదలకూడదు. రెండో కాలేజీ ట్రాన్స్‌స్క్రిప్ట్‌లో మొదటి కాలేజీ కోర్సులు కనిపిస్తున్నాయి కదా అని ఊరుకుంటే కుదరదు, మూలం నుంచే కావాలి. ఒక కాలేజీ పేరు దాచిపెడితే అది నిజాయితీ లోపం కింద పరిగణించి ప్రవేశమే రద్దు చేయొచ్చు.

హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాల మీద రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), కాలేజీ కోర్సు చదవకుండానే క్రెడిట్ కోసం రాసే క్లెప్ లాంటి పరీక్షల క్రెడిట్‌ది వేరే దారి. పాత కాలేజీ ఏపీ స్కోరు 3కి ఇచ్చిన క్రెడిట్‌ను కొత్త యూనివర్సిటీ 4 లేదా 5 అడిగి తిరస్కరించవచ్చు. స్కోరును ఈ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డ్ నుంచి విడిగా పంపించండి. సెమిస్టర్ మధ్యలో దరఖాస్తు పెట్టినవాళ్లు గ్రేడ్లు వచ్చాక తుది ట్రాన్స్‌స్క్రిప్ట్ మళ్లీ పంపకపోతే ఆ ఆఖరి సెమిస్టర్ అంతా "జరుగుతున్న కోర్సులు"గానే ఉండిపోతుంది.

విదేశీ యూనివర్సిటీ నుంచి వస్తుంటే మధ్యలో మీ చదువును అమెరికా క్రెడిట్లు, గ్రేడ్లలోకి మార్చి చూపే ఎవాల్యుయేషన్ సంస్థ వస్తుంది. కొత్త యూనివర్సిటీ ఏ సంస్థల నివేదిక తీసుకుంటుందో ముందు కనుక్కోండి. చాలా యూనివర్సిటీలు నేసెస్ సభ్య సంస్థలనే అడుగుతాయి. నేసెస్ అన్నది ఆ సంస్థల సంఘం మాత్రమే, అది స్వయంగా ఎవాల్యుయేషన్ చేయదు. చవకగా దొరికే పత్రాల సాధారణ నివేదిక ట్రాన్స్‌ఫర్‌కి పనికిరాదు, ప్రతి కోర్సుకీ క్రెడిట్లు, గ్రేడ్ చూపించే నివేదిక కావాలి. యూరప్ క్రెడిట్లు ఏడాదికి 60, అమెరికావి 30 కాబట్టి సాధారణంగా రెండిటికి ఒకటి. బ్రిటన్‌లో ఏడాదికి 120, అంటే నాలుగిటికి ఒకటి. క్రెడిట్లు లేకుండా ఏడాది మార్కులే ఉన్న చోట ఏడాది చదువును 30 చుట్టూ పెట్టుకుని గంటల్ని బట్టి పంచుతారు. కాబట్టి మార్కుల పత్రంతో పాటు అధికారిక సిలబస్‌లో గంటల లెక్క ఉండేలా చూసుకోవడం మంచిది. ఇంత చేసినా ఆ నివేదిక సిఫారసే, తుది మాట యూనివర్సిటీదే.

నాలుగో అడుగు: ఫలితాన్ని చదవడం

ఎవాల్యుయేషన్ వచ్చాక మొత్తం అంకె పక్కనపెట్టి డిగ్రీ ఆడిట్ (డిగ్రీ అవసరాల్లో ఏవి తీరాయో, ఏవి మిగిలాయో చూపే నివేదిక) తెరవండి. డిగ్రీ వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడే యూనివర్సిటీల్లో అడుగున "ఫాల్‌త్రూ" అనే పెట్టె ఉంటుంది. ఏ అవసరాన్నీ తీర్చకుండా జారిపోయిన కోర్సులు అందులో కనిపిస్తాయి. ఆ పెట్టెలో ఉన్న ప్రతి కోర్సు పక్కనా, ఎలక్టివ్‌గా పడ్డ ప్రతి కోర్సు పక్కనా ఒకే ప్రశ్న రాసుకోండి: డిగ్రీలో ఇంకా మిగిలిన ఏ గడికి ఇది సరిపోవచ్చు? సరిపోయే గడి ఉంటే అప్పీల్ పెట్టండి. లేకపోతే దానికోసం పోరాడకండి. గెలిచినా అది ఇంకో ఎలక్టివ్ అవుతుందంతే.

అయిదో అడుగు: అప్పీల్

మొదటి నిర్ణయం తరచూ పట్టికలో కోర్సు లేకపోవడం వల్లనే వస్తుంది, ఎవరూ సిలబస్ చదివి ఉండరు. కాబట్టి అప్పీల్ అంటే తగవు కాదు, ఆగిపోయిన పని ముందుకు కదిలించడం. ఒక పేజీ కాగితంలో ఎడమ వైపు యూనివర్సిటీ కోర్సు వారాల అంశాలు, కుడి వైపు మీ సిలబస్‌లో అదే అంశం ఏ వారంలో, ఏ అధ్యాయంలో ఉందో రాయండి. కలవని అంశాలనూ దాచకుండా చూపండి. 14 వారాల అంశాల్లో 12 కలిశాయని చూడగానే తెలిస్తే ప్రొఫెసర్ పని సులువవుతుంది. సిలబస్, క్లాసు గంటలు, ల్యాబ్ రుజువు జోడించి, పాత కోర్సు నంబరు, పేరు, చదివిన సెమిస్టర్, మీరు కోరే సమానత కోర్సు నంబరు మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పండి. కష్టపడ్డానని, డబ్బు ఖర్చయిందని రాసే వాక్యాలు నిర్ణయాన్ని మార్చవు.

గడువు చూసుకోండి. చేరిన మొదటి సెమిస్టర్ లోపే అప్పీల్ పెట్టాలనే యూనివర్సిటీలున్నాయి. విభాగం ఒప్పుకోకపోతే పరీక్ష రాసి కోర్సు దాటే అవకాశం ఉందా అని అడగండి. ఫలితం వచ్చేదాకా ఆ కోర్సునే మళ్లీ రిజిస్టర్ చేసుకోకండి. అప్పీల్ నెగ్గినా అదే కోర్సు ఇక్కడ కూడా చదివితే రెంటిలో ఒకదానికే క్రెడిట్ ఇస్తారు, సాధారణంగా పోయేది బయటి నుంచి తెచ్చుకున్నదే.

ఫెడరల్ ఆర్థిక సహాయం తీసుకునేవారు ఇంకోటి గమనించాలి. డిగ్రీకి అవసరమైన క్రెడిట్లలో 150 శాతం దాకానే, అంటే 120కి 180 దాకానే సహాయం ఉంటుంది. మీ ప్రోగ్రామ్‌కు తీసుకున్న ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లు ఆ లెక్కలోకి వస్తాయి. 90 క్రెడిట్లు తెచ్చుకుని, అందులో సగం ఎలక్టివ్‌గా మిగిలినవారు డిగ్రీ పూర్తికాకముందే ఆ హద్దును తాకే ప్రమాదం ఉంది. ఏ క్రెడిట్లను ఆ లెక్కలో వేశారో ఆర్థిక సహాయ ఆఫీసును ముందుగానే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.